ఈ మోడల్ చెప్పలేదు సార్

సర్కారు బడుల్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లల కోసం ఎన్‌ఎంఎంఎస్ అని ఒక ఉపకారవేతనాల పరీక్ష ఉంది. 2008 నుంచి నడుస్తోంది. ఇంటి రాబడి ఏడాదికి మూడున్నర లక్షలు మించని పిల్లలు రాయొచ్చు. ఎంపికైతే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా నెలకు 1,000 రూపాయల లెక్కన, ఏడాదికి 12,000 వాళ్ల ఖాతాలో పడతాయి. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లోని ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పే నాకు, ఏటా పిల్లల్ని ఈ పరీక్షకు తయారుచేయడం ఉద్యోగంలో భాగమైపోయింది.

ఇందులో రెండు పేపర్లు. పిల్లల నోట మ్యాట్, శాట్. మ్యాట్ అంటే మానసిక సామర్థ్య పరీక్ష. సంఖ్యల వరుసలు, బొమ్మల పోలికలు, గుంపులో చేరనిదాన్ని పట్టుకోవడం, అద్దంలో బొమ్మ ఎలా కనిపిస్తుందో చెప్పడం, కోడింగ్ ఇందులో ఉంటాయి. పుస్తకం చదివితే వచ్చేవి కావని వీటికి పేరు. శాట్ అచ్చంగా పుస్తకమే. ఏడు, ఎనిమిది తరగతుల పాఠాల నుంచి సైన్సు 35, సాంఘికం 35, లెక్కలు 20 ప్రశ్నలు. ఒక్కో పేపరుకు 90 మార్కులు, 90 నిమిషాలు. చివరికి రెంటినీ కూడి, ఆ మొత్తాన్ని బట్టి జాబితా వేస్తారు.

జాబితాకు మొత్తం చాలు. బడిలో ఉండేవాడికి ఆ రెండు అంకెల మధ్య తేడా ఎక్కువ సంగతులు చెబుతుంది. మ్యాట్‌లో 60 తెచ్చుకుని శాట్‌లో 35 దగ్గర ఆగిపోయిన పిల్ల, అటు 45 ఇటు 50 తెచ్చుకున్న పిల్లవాడు జాబితాలో పక్కపక్కనే ఉంటారు. రేపు తరగతిలో వాళ్లిద్దరికీ నేను చేయాల్సిన పని వేరు. ఆ తేడాను ఎలా చదవాలన్నది పుస్తకాలు నాకు కొంత చెప్పాయి, మిగతాది పిల్లల దగ్గర తెలుసుకున్నాను.

ఈ రెండు పేపర్ల మధ్య ఉన్న గీతను చాలా కాలం కిందటే గీసినవాడు రేమండ్ కాటెల్. 1905లో ఇంగ్లండులో పుట్టాడు. లండన్ కింగ్స్ కాలేజీలో రసాయనశాస్త్రం చదివి, మనస్తత్వశాస్త్రం వైపు మళ్లి, చార్లెస్ స్పియర్‌మన్ దగ్గర పనిచేశాడు. ఒక సబ్జెక్టులో ముందున్న పిల్లలు మిగతావాటిలోనూ ముందే ఉంటున్నారనీ, వీటన్నింటి వెనక ఉమ్మడి శక్తి ఒకటుందనీ స్పియర్‌మన్ 1904లో ప్రతిపాదించాడు. కాటెల్ ఆ ఉమ్మడి శక్తిని రెండుగా విడదీశాడు. 1941లో సభలో చెప్పి, 1943లో వ్యాసంగా అచ్చువేశాడు. మునుపు ఎదురుపడని చిక్కును అక్కడికక్కడ విప్పగలిగే శక్తి ద్రవ ప్రజ్ఞ. చదువు, మాట, అనుభవం పోగుపడగా గట్టిపడిన జ్ఞానం, దాన్ని వాడుకునే నేర్పు స్ఫటిక ప్రజ్ఞ. టెట్‌కూ డీఎస్సీకీ కూర్చున్నవాళ్లకు ఈ రెండు పేర్లూ కంఠస్థమే. మానసిక వయసును శారీరక వయసుతో భాగించి వందతో హెచ్చించే ప్రజ్ఞాలబ్ధి సూత్రం పక్కనే, ఒక్క మార్కు ప్రశ్నగా వాటిని చదివి ఉంటాం.

ఒక్క మార్కు ప్రశ్నలో పట్టని సంగతి ఒకటుంది. కాటెల్ 1943 నాటి వ్యాసం పెద్దవాళ్ల తెలివిని కొలవడం గురించి. కానీ తన సిద్ధాంతాన్ని నిగ్గు తేల్చడానికి 1963లో ఆయన ముందు కూర్చున్నవాళ్లు ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు, 277 మంది. సరిగ్గా నా తరగతి గది వయసు. ఆ వయసులో ఈ రెంటినీ విడదీసి చూడటం కష్టం. పెద్దయ్యేకొద్దీ అవి వేరువేరు దారులు పడతాయి: ద్రవ ప్రజ్ఞ యవ్వనం దాటాక మెల్లగా తగ్గుముఖం పడుతుంది, స్ఫటిక ప్రజ్ఞ నడివయసు దాటినా నిలుస్తుంది, పెరుగుతుంది కూడా. పన్నెండు, పదమూడేళ్లప్పుడు రెండూ పైకే పోతుంటాయి, జంటగా పోతుంటాయి. కాటెల్ దీన్ని పెట్టుబడి అన్నాడు. ఉన్న ద్రవ ప్రజ్ఞను పిల్లలు చదువులో పెడతారు, అది స్ఫటిక ప్రజ్ఞగా తిరిగొస్తుంది. అందరికీ ఒకే బడి, ఒకే రకం ఇల్లు, ఒకే హాజరు ఉంటే రెండు అంకెలూ దగ్గరదగ్గరగానే ఉండాలి. ఎక్కడైనా దూరం జరిగాయంటే ఆ పెట్టుబడి ఎక్కడో ఆగిందన్నమాట.

ద్రవ ప్రజ్ఞను కొలవాలంటే ఎవరికీ ముందే తెలిసి ఉండని చిక్కు కావాలి. ఆ పనికి అందరికీ మొదట గుర్తొచ్చేది జాన్ రేవెన్ పరీక్ష. 1938లో వచ్చింది. చాలా ప్రశ్నల్లో ఒక చట్రం, అందులో మూడు అడ్డవరుసలు, మూడు నిలువువరుసలు. తొమ్మిది గళ్లలో ఎనిమిదింట్లో బొమ్మలుంటాయి, చివరిది ఖాళీ. అడ్డంగా పోతుంటే గీతలు పెరుగుతాయి, నిలువుగా దిగుతుంటే ఆకారం మారుతుంది. కింద ఇచ్చినవాటిలో ఆ ఖాళీకి అతికేది చూపాలి. పన్నెండేసి చొప్పున ఐదు భాగాలు, మొత్తం 60 ప్రశ్నలు. ప్రతి భాగం సులువుగా మొదలై ముదురుతూ పోతుంది. చదవడం రానక్కర్లేదు, వేలు పెట్టి చూపితే చాలు. రేవెన్ దీనికి జతగా మిల్ హిల్ పదజాల పరీక్ష అని ఇంకొకటి కూడా తయారుచేశాడు. అర్థాన్ని కొత్తగా పట్టుకునే శక్తికి మొదటిది, పోగుచేసుకున్నదాన్ని తిరిగి చెప్పే శక్తికి రెండోది. రెంటినీ విడివిడిగా కొలవాలన్నది ఆయన పట్టు.

డేవిడ్ వెక్స్‌లర్ పిల్లల కోసం 1949లో చేసిన పరీక్ష 2014 నాటికి ఐదో కూర్పుకు వచ్చింది. ఆరు నుంచి పదహారేళ్ల వయసువాళ్లకు వాడతారు. ఇందులోనూ రెండు వైపులూ కనిపిస్తాయి. రెండు మాటలు చెప్పి వాటికి ఉమ్మడిగా ఉన్నదేమిటని అడగడం, పదానికి అర్థం చెప్పమనడం ఒక వైపు. ఇంకో వైపు నాకు బాగా నచ్చిన భాగం ఒకటుంది: తక్కెడ బొమ్మలు. ఒక తక్కెడలో రెండు పళ్లేల్లోనూ రంగురంగుల ఆకారాలు సమంగా తూగుతుంటాయి. పక్కనున్న తక్కెడలో ఒక పళ్లెం ఖాళీ. మొదటిదాన్ని చూసి రెండోదాన్ని సమం చేయాలి. లెక్కలు చెప్పేవాడిగా చూస్తే అది బీజగణితమే. అక్షరాల అవసరం లేని బీజగణితం.

మన దేశంలో ఈ ఆలోచన ఆలస్యంగా రాలేదు. స్వాతంత్ర్యానికి ముందే వి.వి. కామత్ బినే ప్రజ్ఞా పరీక్షను కన్నడ, మరాఠీ పిల్లలకు తగ్గట్టు మలిచాడు. ఉత్తరప్రదేశ్‌లో సి.ఎం. భాటియా 1955లో అచ్చువేసిన పరీక్షల పెట్టె సరిగ్గా 11 నుంచి 16 ఏళ్ల పిల్లల కోసమే. రంగు దిమ్మెలతో నమూనా పేర్చడం, పెట్టెలోని ముక్కల్ని పైకెత్తకుండా జరుపుతూ చోటు మార్చడం, పెన్సిలు ఎత్తకుండా బొమ్మ గీయడం, ముక్కలైన బొమ్మను అతకడం, విన్నదాన్ని వెంటనే తిరిగి చెప్పడం అందులోని ఐదు పనులు. ఆ ఐదోదాన్ని చదువు వచ్చినవాళ్లకు అంకెలతో, రానివాళ్లకు ధ్వనులతో చేయించాడు. బడి ముఖం చూడని పిల్లవాడికి అంకెలు ఎంత కొత్తో తెలిసి చేసిన ఏర్పాటు అది. ఆ తర్వాత నాగపూర్‌లో ఆర్థర్ మాలిన్ 1969లో వెక్స్‌లర్ పరీక్షను భారతీయ పిల్లలకు అనువుగా మార్చాడు. క్లినిక్కుల్లో ఈనాటికీ ఆ పేరు వినబడుతుంది.

ఈ పరీక్షల్లో ద్రవ ప్రజ్ఞ వైపు ఉన్నవాటన్నింటికీ పునాది ఒకే నమ్మకం: ప్రశ్న పిల్లవాడికి కొత్తది. ఒకే పరీక్షను మళ్లీ రాస్తే మార్కులు పెరుగుతాయని మనస్తత్వవేత్తలకు ఎప్పటినుంచో తెలుసు. అందుకే వెక్స్‌లర్ లాంటి పరీక్షల సామగ్రిని శిక్షణ ఉన్నవాళ్లకే అమ్ముతారు, ప్రశ్నల్ని బయటపడనివ్వరు. మా వైపు పరిస్థితి వేరు. బస్టాండు పక్క పుస్తకాల కొట్లో మ్యాట్ గైడు దొరుకుతుంది. సంఖ్యల వరుసలకు ఇన్ని మోడల్స్, కోడింగ్‌కు ఇన్ని మోడల్స్, ఒక్కోదానికి కిటుకు, కింద సాధన ప్రశ్నలు. పిల్లలు వాటిని ఎక్కాల్లా చదువుతారు. నేనూ చదివిస్తాను. ఈ పిల్లల ఇళ్లలో నెలకు వచ్చే ఆ వెయ్యి చిన్నది కాదు, చదివించకుండా ఎలా ఉంటాను?

ఒక సాయంత్రం క్లాసులో బోర్డు మీద 2, 6, 12, 20, 30 అని రాసి తర్వాతి సంఖ్య అడిగాను. ముందు బెంచీ పిల్లవాడు నేను సుద్దముక్క కింద పెట్టకముందే, "42 సార్. ఎన్ ఇంటూ ఎన్ ప్లస్ వన్ మోడల్," అన్నాడు. ఒకటి రెళ్లు రెండు, రెండు మూళ్లు ఆరు, మూడు నాలుగులు పన్నెండు. గైడులో పదకొండో పేజీనో పన్నెండో పేజీనో వాడికి గుర్తుంది. వెనకాల గోడ పక్కన కూర్చున్న అమ్మాయి ఆ మాట పట్టించుకోలేదు. పాత ప్రశ్నపత్రం వెనక్కి తిప్పి ఐదు అంకెలూ దూరం దూరంగా వేసుకుంది. మధ్యలో కిందికి 4, 6, 8, 10 అని రాసింది. పెన్ను పదిమీద ఒక క్షణం ఆగింది. పక్కన 12 వేసి, ముప్పైకి కలిపి, 42కు చుట్టూ సున్నా చుట్టింది. ఓఎంఆర్ షీటులో ఇద్దరిదీ ఒకే గడి నల్లబడుతుంది, ఒకే మార్కు పడుతుంది. వాడు గుర్తుతెచ్చుకున్నాడు, ఆమె కనుక్కుంది. ఒకే ప్రశ్న ఒకరిలో స్ఫటిక ప్రజ్ఞను, ఇంకొకరిలో ద్రవ ప్రజ్ఞను కొలిచింది.

వెంటనే ఇంకొకటి వేశాను. గైడులో లేదని నాకు తెలుసు, అప్పటికప్పుడు అల్లింది.

7 ★ 3 = 8
9 ★ 4 = 10
2 ★ 6 = 8
అయితే 5 ★ 5 ఎంత?

ముందు బెంచీలో నిశ్శబ్దం. గుణిస్తే 21, కూడితే 10, ఏదీ కుదరడం లేదు. కాసేపటికి పిల్లవాడు తలెత్తి, "ఈ మోడల్ చెప్పలేదు సార్," అన్నాడు. ఫిర్యాదు లేదు వాడి గొంతులో. సిలబస్‌లో లేని ప్రశ్న వచ్చిందని గుర్తుచేస్తున్నాడంతే. వెనక అమ్మాయి తీసివేతతో మొదలుపెట్టింది. ఏడులోంచి మూడు పోతే నాలుగు, రెండింతలు ఎనిమిది. తొమ్మిదికీ నాలుగుకూ కుదిరింది. రెండూ ఆరు దగ్గర ఆగింది. "రెండులోంచి ఆరు పోదు కదా సార్," అని, నా జవాబు కోసం చూడకుండానే, "ఏ పక్కనున్నా పెద్దదాంట్లోంచే తీయాల," అనుకుంది. 5 ★ 5 దగ్గర సున్నా వేసింది. సున్నా జవాబు అవుతుందా అన్నట్టు నా మొహం చూసింది. అవుతుందని చెప్పాను.

కథ అక్కడితో ముగిసి ఉంటే బట్టీ పిల్లవాడు ఓడాడు, తెలివైన పిల్ల గెలిచింది అని తేలిగ్గా రాసేయొచ్చు. అలా జరగలేదు. "మోడల్ వెతక్కురా, ఊరికే చూడు, ఏం జరుగుతోందో చూడు," అన్నాను వాడితో. కాసేపు పట్టింది గానీ వాడూ పట్టుకున్నాడు. అంతటితో ఆగకుండా గుర్తు మార్చి, పెద్దదానికి చిన్నదాని సగం కలిపే లెక్కొకటి తయారుచేసి నాకే వేశాడు. ఆ శక్తి వాడిలో ఉంది. గైడు దాన్ని వాడాల్సిన అవసరం లేకుండా చేసింది, మ్యాట్ మార్కు దాన్ని చూపించకుండా పోయింది. ఆ పిల్లవాడి 70 మార్కులు ఎంత తెలివికి, ఎంత సాధనకు అని ఆ అంకెను చూసి ఎవరూ విడదీయలేరు.

నేను నేర్చుకున్న పాఠం ఇదే. ద్రవమా స్ఫటికమా అన్నది ప్రశ్నపత్రం మీద రాసి ఉండదు. ఆ ప్రశ్న ఆ పిల్లకు ఎంత కొత్త అన్నదాన్ని బట్టి తేలుతుంది. కొత్తదనం వాడేకొద్దీ అయిపోతుంది. మొదటిసారి రేవెన్ బొమ్మ చూసిన పిల్ల ఆలోచిస్తుంది, యాభై బొమ్మలు చూసిన పిల్ల గుర్తుపడుతుంది. అందుకని మార్కుల్ని చదివేముందు ఆ పిల్లకు ఇంతకుముందు ఏవి ఎదురుపడ్డాయి, ఏవి పడలేదు అని తెలుసుకోవాలి. అది కొలతలో భాగమే.

ఈ కంటితో చూస్తే పరిశోధనలు కూడా వేరుగా అర్థమవుతాయి. అమెరికాలోని బోస్టన్‌లో దాదాపు 1,400 మంది ఎనిమిదో తరగతి పిల్లల మీద చేసిన అధ్యయనం ఒకటి 2014లో వెలువడింది. రాష్ట్ర పరీక్షల మార్కుల్ని బాగా పెంచిన బడులు కూడా పిల్లల ద్రవ ప్రజ్ఞను దాదాపు కదిలించలేదని అందులో తేలింది. చదివి కొంచెం నిరుత్సాహపడ్డాను. అయితే బడి చేతిలో ఉన్నది స్ఫటికం ఒక్కటేనా? దీనికి ఎదురుగా జెరూసలేం అధ్యయనం ఉంది. సొరేల్ కాహన్, నోరా కోహెన్ 1989లో ఒక చక్కటి ఉపాయం చేశారు. పుట్టిన తేదీ కొద్ది రోజుల తేడాతో బడిలో చేర్చుకునే గడువుకు ఇటూ అటూ పడిన పిల్లలు ఒకే వయసువాళ్లే గాని వేరు తరగతుల్లో ఉంటారు. వాళ్లను పోల్చితే వయసు వల్ల వచ్చిందెంత, బడి వల్ల వచ్చిందెంత విడిపోతుంది. మాటల పరీక్షల్లో బడి ప్రభావం వయసు ప్రభావాన్ని మించిపోయింది, బొమ్మల పరీక్షల్లోనూ బడి ముద్ర కనిపించింది. స్టువర్ట్ రిచీ, ఎలియట్ టకర్-డ్రాబ్ 2018లో ఆరు లక్షలకు పైగా మనుషుల వివరాలున్న అధ్యయనాలను కలిపి చూస్తే, ఒక్కో ఏడాది చదువు ప్రజ్ఞాలబ్ధిని ఒకటి నుంచి ఐదు పాయింట్ల దాకా పెంచుతున్నట్టు తేలింది.

జేమ్స్ ఫ్లిన్ 1987లో 14 దేశాల లెక్కలు ముందుపెట్టినప్పుడు ఇంకా వింత బయటపడింది. తరం తర్వాత తరం మార్కులు పెరుగుతున్నాయి. అన్నింటికన్నా ఎక్కువ పెరుగుదల రేవెన్ తరహా పరీక్షల్లోనే. పుట్టుకతో వచ్చేదాన్ని కొలుస్తుందని, చదువుకు సంబంధం లేదని అనుకున్న పరీక్షే కాలంతో ఎక్కువగా కదిలింది. పటాలు, గుర్తులు, గ్రాఫులు, బొమ్మల మధ్య పెరిగిన తరాలకు ఆ చట్రాలు వాళ్ల తాతలకు ఉన్నంత కొత్త కావు. గైడు చదివిన నా పిల్లవాడికి జరిగిందే పెద్ద ఎత్తున లోకానికీ జరిగిందని నాకు అనిపిస్తుంది.

వయసు సంగతి ఇంకొకటి ఉంది. ఈ పరీక్షల్లో మార్కుకు అర్థం వచ్చేది అదే వయసు పిల్లలతో పోల్చినప్పుడే. వెక్స్‌లర్ పట్టికలు నాలుగేసి నెలల చొప్పున వయసును విడగొట్టి ఉంటాయి. పదకొండు, పన్నెండేళ్లప్పుడు ద్రవ ప్రజ్ఞ వేగంగా పెరుగుతుంది కాబట్టి ఆ నాలుగు నెలలకూ విలువుంది. ఇక మా అడ్మిషన్ రిజిస్టరు తెరిస్తే పుట్టిన తేదీల గడిలో వరసగా జూన్ ఒకటి, జూన్ ఒకటి, జూన్ ఐదు. బిడ్డను మొదటిసారి బడికి తీసుకొచ్చిన రోజున తల్లి "ఆ పెద్దవాన పడిన ఏడు" అంటే, చేర్చుకోవడానికి వీలుగా అప్పటి మాస్టారు వేసిన తేదీ అది. ఆ తేదీతో పట్టిక తెరిస్తే ఏడాది పెద్ద పిల్ల చిన్నదైపోతుంది, చిన్న పిల్ల పెద్దదైపోతుంది. అంకె మాత్రం దశాంశంతో సహా నిక్కచ్చిగా వస్తుంది. జాగ్రత్త ఉన్నవాళ్లు అందుకే ఒకే అంకె చెప్పి ఊరుకోరు, ఇక్కడి నుంచి ఇక్కడి దాకా అని హద్దులు చెబుతారు.

స్ఫటిక ప్రజ్ఞ వైపు చిక్కు ఇంకో రకం. పోగుపడిన జ్ఞానాన్ని కొలుస్తాం సరే, ఏ జ్ఞానాన్ని? రాబర్ట్ స్టెర్న్‌బర్గ్ బృందం 2001లో ప్రచురించిన కెన్యా అధ్యయనం నాకు చాలా ఇష్టం. విక్టోరియా సరస్సు దగ్గరి పల్లెలో 12 నుంచి 15 ఏళ్ల పిల్లలు 85 మందికి మూడు రకాల పరీక్షలు పెట్టారు. రేవెన్ బొమ్మలు, పదజాలం, వాటితోబాటు మరొకటి: ఏ రోగానికి ఏ ఆకు, ఎక్కడ దొరుకుతుంది, ఎంత వాడాలి. ఆ ఊళ్లో పిల్లలు నిజంగా వాడుకునే జ్ఞానం అది. మూలికల పరీక్షలో బాగా చేసినవాళ్లు ఇంగ్లిష్ పదజాలంలో, బడి చదువులో వెనకబడి ఉన్నారు. రేవెన్ మార్కులకూ మూలికల జ్ఞానానికీ సంబంధమే కనిపించలేదు. బడికి ఎక్కువ కాలం ఇచ్చిన ఇల్లు ఆకుకు తక్కువ కాలం ఇచ్చి ఉండాలి. పెట్టుబడి అందరూ పెట్టారు, పంట వేరు వేరు చేలల్లో పండింది. పరీక్ష పెట్టేవాడు ఒక చేనుకే వెళ్లి కొలుస్తాడు.

మా ఊళ్లకు ఇది దూరపు సంగతి కాదు. సంక్రాంతి దాటగానే ఇక్కడ వీధులకు వీధులు తాళాలు పడతాయి. గుంటూరు వైపు మిరపకోతలకు కుటుంబాలు కట్టగట్టుకుని పోతాయి. సుగ్గికి పోవడం అంటారు. పిల్లలూ పోతారు. తిరిగొచ్చేసరికి ఉగాది అయిపోతుంది, పుస్తకాల్లో చివరి పాఠాలూ అయిపోతాయి. గోడ పక్కన కూర్చునే ఆ అమ్మాయి అలా పోయివచ్చిన పిల్లే. మిరప కల్లంలో కూర్చోబెడితే తాలుకాయను చూసీ చూడకముందే వేరు చేస్తుంది. కిలోకు ఇంత కూలి అంటే ఇంట్లో నలుగురూ కోసినదానికి ఎంత రావాలో నోటితో చెబుతుంది. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో తదితరులు కలకత్తా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల మీద చేసిన అధ్యయనం 2025లో వచ్చింది. బేరంలో చిక్కు లెక్కల్ని అవలీలగా చేసిన పిల్లలు అదే లెక్కను బడి పద్ధతిలో కాగితం మీద పెడితే తడబడ్డారు. బజారు ఎరగని బడిపిల్లలు బజారు లెక్క దగ్గర తడబడ్డారు. ఒకచోటి నేర్పు దానంతటది ఇంకోచోటికి నడిచి రావడం లేదు.

ఆ అమ్మాయి సాధన పరీక్షల మ్యాట్ ఎప్పుడూ పైన, శాట్ ఎప్పుడూ కింద. ఒక రోజు ఆమె శాట్‌లో తప్పు పెట్టిన ప్రశ్నల్ని ముందేసుకుని, ఒక్కోదానికి ఎదురుగా అది ఏ పాఠంలోదో రాసుకుంటూ పోయాను. తప్పులు పుస్తకమంతా చెదిరి లేవు. సైన్సులోనూ సాంఘికంలోనూ ఏడో తరగతి పుస్తకాల చివరి పాఠాల దగ్గర గుంపుగా ఉన్నాయి. ముందు పాఠాల ప్రశ్నలకు ముందు బెంచీ పిల్లవాడికి ఏమాత్రం తీసిపోలేదు. హాజరు పట్టీ తీసి పక్కన పెడితే ఆ పాఠాలు చెప్పిన నెలలకు ఎదురుగా ఆమె పేరు మీద వరసగా ఆబ్సెంట్లు. పెట్టుబడి ఎక్కడ ఆగిందో తేదీలతో సహా కనిపించింది.

తల్లిదండ్రుల సమావేశానికి వాళ్ల నాన్న వచ్చాడు. నేను రెండు మార్కుల సంగతీ వివరించబోతే మధ్యలో ఆపి, "అదంతా నాకు తెలీదు సార్. మా పాపకు తెలివుందా లేదా, ఆ ఒక్క మాట చెప్పండి," అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. "తెలివికేం తక్కువ లేదన్నా. సంక్రాంతి నుంచి ఉగాది దాకా బడిలో లేదు, అదే లోటు," అన్నాను. సుగ్గికి పోయే ఇళ్ల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టల్లో ఈసారి ఉంచమని అడిగాను. ఆయన వెనక నిలబడ్డ తల్లి, "కాయ కోసేదానికి చేతులు గావాల గదా సార్," అంది. రెండు అంకెలు చూపించి ఆ మాటకు జవాబు చెప్పలేను. ఆమె ఇంటి లెక్క ఆమెకు తెలుసు. ఇంట్లో మాట్లాడుకుని చెబుతామని వెళ్లారు.

అంకెల వల్ల నాకు తెలిసింది నా వంతు. ఆ పిల్లకు మ్యాట్ మోడల్స్ ఇంకో వంద చేయించడం దండగ, ఆమెకు కావలసింది ఏడో తరగతి చివరి పాఠాలు. ముందు బెంచీ పిల్లవాడికి గైడు పక్కన పెట్టి, వాడి చేతే లెక్కలు తయారుచేయించడం కావాలి. వారానికొక రోజు బోర్డు సుద్దముక్కతో సహా పిల్లలకే వదిలేస్తున్నాను. ఎవరైనా ఎవరికీ తెలియని లెక్క వేయాలి, మిగతావాళ్లు విప్పాలి. గైడులోది వేస్తే వెంటనే పట్టేసి గోల చేస్తారు. సుగ్గి నుంచి వచ్చినవాళ్లకు జూన్‌లో బడి తెరవగానే పోయిన నెలల పాఠాలు మళ్లీ చెబుతున్నాం, సైన్సు, సాంఘికం టీచర్లు కూడా ఒప్పుకున్నారు. మార్కుల రిజిస్టరులో ప్రతి పేరుకూ ఇప్పుడు మూడు గడులు గీస్తాను: మ్యాట్, శాట్, హాజరు. మూడోది చూడకుండా మొదటి రెండూ చదవను.